మండీ బిల్లింగ్ కోడ్‌లో స్మెల్స్ పట్టుకుని రీఫ్యాక్టర్ చేయడం ఎలా

చిత్తూరు, దామలచెరువు, బంగారుపాళెం వైపు మామిడి మండీల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను పాత టీమ్ నుంచి అందుకున్నవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. స్మెల్ అంటే కోడ్ నడుస్తున్నా దాని అమరిక బాగాలేదని చెప్పే గుర్తు. రీఫ్యాక్టర్ చేయడమంటే ఫలితం మారకుండా ఆ అమరికను బాగుచేయడం. ఉదాహరణలు జావాను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. సీ షార్ప్‌లో రాసినా పెద్ద తేడా ఉండదు.

ముందు ఏ ఫైలు ముట్టుకోవాలో తేల్చుకోండి. గిట్ లాగ్‌లో, అంటే కోడ్ మార్పుల చరిత్రలో, పోయిన సీజన్ కమిట్లు (సేవ్ చేసిన మార్పులు) తీసి, ఏ క్లాసు ఎక్కువసార్లు మారిందో చూడండి. తరుగు శాతం మార్చమంటే నాలుగు ఫైళ్లు తెరవాల్సి వచ్చిందా? అయితే పని అక్కడే మొదలుపెట్టాలి.

కోడ్ మార్చే ముందు టెస్టులు రాయాలి. పాత చీటీలు ఇరవై దాకా తీసుకోండి. గ్రాస్ (సరుకుతో బండి బరువు) 4,860 కిలోలు, టేర్ (ఖాళీ బండి బరువు) 1,940, నెట్ 2,920. అయిదు శాతం తరుగు, అంటే 146 పోతే 2,774. కిలో 12 రూపాయల చొప్పున 33,288. ప్రోగ్రామ్ ఇప్పుడు ఏ అంకె ఇస్తుందో దాన్నే టెస్టులో రాయండి, అది తప్పని తెలిసినా సరే. తప్పు దిద్దడం వేరే కమిట్‌లో చేయాలి. రెండూ కలిపితే, అంకె ఎందుకు మారిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. అడ్వాన్సు బిల్లును మించిన చీటీ, తరుగు సున్నా అయిన చీటీ కూడా ఆ ఇరవైలో ఉండాలి.

సులువుగా దొరికేది పొడుగాటి మెథడ్. ‘బిల్లువేయి’ అనే ఒక్క మెథడే తూకం చదివి, తరుగు తీసి, కమీషన్, హమాలీ పట్టుకుని, చీటీ ముద్రిస్తుంటుంది. మధ్యమధ్యలో ‘ఇక్కడి నుంచి తరుగు’ లాంటి కామెంట్లు ఉంటే సగం పని అయినట్టే, ఆ కామెంటే కొత్త మెథడ్ పేరు. ఆ వరుసలు సెలెక్ట్ చేసి, ఇంటెల్లిజే అనే జావా ఎడిటర్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎమ్ నొక్కండి, అవి వేరే మెథడ్‌గా విడిపోతాయి. కొత్త మెథడ్‌కు ఆరేడు పారామీటర్లు వచ్చాయంటే కోత తప్పుచోట పడింది. అన్‌డూ చేసి మళ్లీ చూడండి.

ఇక్కడ జరిగే అసలు పొరపాటు రౌండింగ్. ముందు మొత్తం మీద ఒకసారి రౌండ్ చేసేది, విడగొట్టాక ప్రతి వరుసలో రౌండ్ చేస్తే రూపాయో రెండో తేడా వస్తుంది. రైతు చీటీకీ మండీ ఖాతాకూ పొంతన ఉండదు.

అంతకంటే ప్రమాదం, బరువునూ ధరనూ ఉత్త డబుల్‌గా (యూనిట్ ఏదో చెప్పని దశాంశ సంఖ్యగా) తిప్పడం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ టన్నుకు 12,000 అంటుంది, మండీ కిలోకు 12 అంటుంది. రెండూ డబులే కాబట్టి కంపైలర్ నోరెత్తదు, బిల్లు మాత్రం వెయ్యి రెట్లవుతుంది. ‘బరువు’, ‘ధర’ అని చిన్న క్లాసులు చేసి, కిలోలా టన్నులా అన్నది వాటి లోపలే ఉంచండి. డబ్బుకు దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ వాడండి, లేదా పైసల్లో పూర్ణాంకంగా పెట్టండి. గ్రాస్, టేర్, బండి నంబరు ఎప్పుడూ కలిసే వెళ్తుంటే వాటినీ ‘తూకం’ అనే ఒక క్లాసులో చేర్చండి.

తోతాపురి, నీలం, బేనీషా అంటూ మామిడి రకాన్ని బట్టి దారి మార్చే ఒకే స్విచ్ మూడు చోట్ల కనిపిస్తే చాలామంది వెంటనే రకానికో సబ్‌క్లాసు రాసేస్తారు. తొందరపడకండి. తేడా తరుగు శాతం, ధరల్లోనే అయితే ఒక మ్యాప్ చాలు. తోతాపురికి ఫ్యాక్టరీ గ్రేడింగ్, బేనీషాకు పెట్టె లెక్క ఉండి లెక్కించే తీరే వేరైతే అప్పుడు పాలిమార్ఫిజం, అంటే రకానికో సబ్‌క్లాసు, అవసరం.

‘బిల్లు’ క్లాసు ‘రైతుఖాతా’ నుంచి అడ్వాన్సు, పాతబాకీ, వడ్డీ గెట్టర్లతో లాగి తానే కూడుతుంటే, ఆ కూడిక ‘రైతుఖాతా’లోకి వెళ్లాలి. మార్చాక లూప్‌లో ప్రతి చీటీకీ డేటాబేస్ క్వెరీ పడుతుందేమో లాగ్‌లో చూడండి. చీటీల సంఖ్య పెరిగితే కౌంటర్ దగ్గర స్క్రీన్ నెమ్మదించేది దీనివల్లే.

ఒక్కో మార్పుకు ఒక్కో కమిట్, ప్రతి కమిట్ ముందు టెస్టులన్నీ నడపాలి. మే నెల వచ్చాక ఈ జోలికి వెళ్లొద్దు, కాయ ఆగే నెలల్లో చేసుకోండి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ఖాళీలు లెక్కపెట్టే ఆ వికారమైన క్లాసు ఏళ్లుగా మారకపోతే దాన్ని అలాగే ఉంచేయండి.