చిన్న వంటింట్లోకి ఎస్ప్రెస్సో మెషిన్ కొంటున్నారా, ముందు టేపు తియ్యండి

మాది తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీద అద్దె పోర్షన్. వంటిల్లు ఎంత అంటే ఇద్దరు నిలబడితే మూడో మనిషి గడప బయట్నుంచే గిన్నె అందుకోవాల. అట్లాంటి చోట ఎస్ప్రెస్సో మెషిన్, అదే సన్నటి కాఫీ పొడిలోంచి వేడినీళ్ళు ఒత్తిడితో తోసి చిక్కటి కాఫీ తీసేది, పెట్టినా, ఒకటి కాదు రెండు, మొదటిది ఆర్నెల్లకే అమ్మేసుకున్నా. కాఫీ బాగలేక కాదు సామీ, షెల్ఫ్ తగిలి.

సన్నగా ఉండాది, గట్టు మీద ఓ మూల పడుంటాది అని వెడల్పు ఒకటే చూసి ఆర్డర్ పెట్టేసినా. గట్టుకీ పైన షెల్ఫ్‌కీ మధ్య 40 సెంటీమీటర్లు, మెషిన్ ఎత్తు 31, హాయిగా పట్టింది. పొద్దున్నే నీళ్ళు పోద్దామని చూస్తే ట్యాంకు వెనకవైపు, అది పైకి లాగితేనే బయటికి వస్తాది, లాగితే షెల్ఫ్‌కి కొట్టుకుంటాది. ఇంగ రోజూ మెషిన్‌ని ముందుకి లాగడం, నీళ్ళు పోయడం, మళ్ళీ వెనక్కి తొయ్యడం, కింద రబ్బరు కాళ్ళు గ్రానైట్ మీద కీచుమని అరవడం, ఆ సౌండుకి ఇంట్లో అందరూ లేవడం. అందుకే చెప్తా ఉండా, మెషిన్ కొలతలు కాదు, మెషిన్ పని చేసేటప్పుడు దాని చుట్టూ ఎంత జాగా కావాలో అది కొలవండి.

ఎట్లా అంటే, కొనాలనుకున్న మెషిన్ సైజు అట్టముక్క ఒకటి కత్తిరించి గట్టు మీద పెట్టండి. పైన ట్యాంకు లాగడానికి ఎంత ఎత్తు కావాలో వీడియోల్లో చూస్కోండి, పక్కనుంచో ముందునుంచో నీళ్ళు పోసే మోడల్ దొరికితే మరీ మంచిది. ఇంగ ఎడమ పక్క. పొడి పెట్టే పిడి ఉంటాది చూడండి, పోర్టాఫిల్టర్ అంటారు, దాన్ని ఎడమ పక్కకి పెట్టి లోపలికి దూర్చి కుడివైపుకి తిప్పి బిగించాల, ఆ ఎడమ పక్క గోడ ఉందనుకోండి చేతి కణుపులు రోజూ టైల్స్‌కి రాసుకుంటాయి. పైగా చిన్న మెషిన్లు నాలుగైదు కేజీలే ఉంటాయి, బిగించేటప్పుడు మెషినే తిరిగిపోతాది, రెండో చేత్తో పట్టుకోవాల, ఆ చేతికీ చోటు కావాల. పాలు వేడిచేసి నురుగు తెప్పించే స్టీమ్ గొట్టం ఏ పక్క ఉందో చూసి ఆ పక్కన కూడా జానెడు వదలండి. షెల్ఫ్ ప్లైవుడ్‌ది అయితే ఆవిరికి ఉబ్బుతాది, మెషిన్‌ని కాస్త ముందుకి పెట్టుకోవడం మేలు. గ్యాస్ స్టౌ పక్కన మాత్రం వద్దు, తాలింపు చిటపటలన్నీ దాని మీదే.

కరెంటు విషయం ఎవరూ చెప్పరు. మన ఇళ్ళల్లో మామూలు సాకెట్ 6 ఆంపులది, 230 వోల్టులకి లెక్కేస్తే 1380 వాట్స్ దాకానే దాని కెపాసిటీ. చిన్న మెషిన్లు చాలావరకు 1000 నుంచి 1600 వాట్స్ మధ్యలో ఉంటాయి, కాబట్టి 16 ఆంపుల పెద్ద సాకెట్ ఎక్కడుందో చూసుకొని అక్కడే పెట్టండి. ఇండక్షన్ స్టౌ, మెషిన్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించద్దు. కరెంటు పోతే ఇంట్లో ఉండే చిన్న ఇన్వర్టర్ దీన్ని మొయ్యదు.

సరే, ఇప్పుడు ఏ మెషిన్. డబ్బా మీద ప్రెషర్ 15 బార్, 20 బార్ అని పెద్దక్షరాలు చూసి మోసపోకండి, ఎస్ప్రెస్సోకి కావాల్సింది పొడి దగ్గర 9 బార్ ప్రెషర్, నీళ్ళు 90 నుంచి 96 డిగ్రీలు, అంతే. 15 అనేది పంపు గరిష్ఠంగా ఎంత తొయ్యగలదో ఆ లెక్క. దీనికి రివర్స్‌లో ఇంకోటుంది, 800 వాట్స్, 4 బార్ అని తక్కువ రేటుకి దొరికేవి, వాటిలో పంపే ఉండదు, ఆవిరి తోసుడే. కాఫీ స్ట్రాంగ్‌గానే వస్తాది గానీ అది ఎస్ప్రెస్సో కాదు, ఆ డబ్బుల్లో నాలుగో వంతు పెట్టి మోకా పాట్, అదే స్టౌ మీద పెట్టి ఆవిరితో కాఫీ కాచే చిన్న పాత్ర, కొనుక్కుంటే దాదాపు అదే రుచి, గట్టు మీద చోటూ మిగులుతాది.

నిజంగా సన్నటివి కావాలంటే దెలోంగి డెడికా దాదాపు 15 సెంటీమీటర్ల వెడల్పే, బాస్కెట్, అంటే పిడిలో పొడి వేసే చిల్లుల గిన్నె, 51 మిల్లీమీటర్లు. బ్రెవిల్ బాంబినో కూడా చిన్నదే, 54 మిల్లీమీటర్లు, స్విచ్ వేసిన కొద్ది సెకండ్లకే వేడెక్కుతాది. గాజియా క్లాసిక్ కొంచెం పెద్దది, బరువైంది, కానీ కాఫీ షాపుల్లో వాడే 58 మిల్లీమీటర్ల సైజు, పొడి నొక్కే ట్యాంపర్లూ బాస్కెట్లూ సులభంగా దొరుకుతాయి. ఇవన్నీ ఒక కప్పు తర్వాత ఒక కప్పు పెట్టేవే, కాఫీ తీసినాక స్టీమ్‌కి వేడెక్కాల, స్టీమ్ అయినాక మళ్ళీ కాఫీకి చల్లారాల, ఆగకుండా తీస్తే మాడు వాసన. డ్యూయల్ బాయిలర్, అంటే కాఫీకొకటి స్టీమ్‌కొకటి వేడిచేసే పాత్రలు ఉంటే ఈ తిప్పలు ఉండవు గానీ అంత పెద్దది పెడితే మీ కాఫీ గ్రైండర్ హాల్లో పెట్టుకోవాల. తిరుపతిలో ఉన్నాక కొండకి వచ్చే చుట్టాలు ఎట్లాగూ దిగుతారు గదా, తెల్లారి మూడున్నరకి ఆరుమంది స్నానాలు చేసి కాఫీ అంటే ఈ మెషిన్‌తో అయ్యే పని కాదు, అప్పుడు మాయమ్మ ఇత్తడి ఫిల్టరే దిక్కు. దాన్ని అటకెక్కించద్దు.

ఫిల్టర్ అంటే గుర్తొచ్చింది, ఇది నేను చేసిన రెండో తప్పు. ఇంట్లో డికాషన్‌కి వాడే పొడి ఉంటాది గదా, చికోరీ కలిపింది, అదే మెషిన్‌లో వేసేసినా. స్విచ్ వేస్తే పంపు మూలగతా ఉంది, కప్పులోకి ఒక్క చుక్క రాలేదు, ఆపి పిడి తిప్పితే భళుక్కుమని పొడంతా గోడ మీద. చికోరీ నీళ్ళు తగలగానే ఉబ్బి జిగటగా అతుక్కుంటాది, చిల్లులు మూసుకుపోతాయి. కాఫీ పొడి అంగట్లో చికోరీ లేకుండా ప్యూర్ అని గట్టిగా చెప్పి, కుదిరితే గింజలే తీసుకోండి. గింజల రకాలు ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ అని అడగండి, పాలు పోసుకొని తాగేవాళ్ళయితే రోబస్టా అనే ఘాటు రకం గింజలు పావు వంతు కలిపించుకుంటే పైన నురుగు బాగా కడతాది, పాలల్లో కూడా కాఫీ రుచి తేలతాది. అరకు, చిక్‌మగళూరు గింజలు ఆన్‌లైన్లో కూడా వస్తాయి, వేయించిన తేదీ చూసి నెల దాటనివి కొనండి.

గింజలంటే గ్రైండర్ కావాల, మిక్సీ పనికిరాదు, సగం పిండి సగం రవ్వ అవుతాది. మెషిన్ రేటులో సగమన్నా గ్రైండర్‌కి పక్కన పెట్టండి, ఇది మాత్రం నేను ఎవరితోనైనా వాదిస్తా. చిన్న వంటింటికి చేత్తో తిప్పేదే బెస్టు, డ్రాయర్‌లో పడుకుంటాది, 18 గ్రాములు తిప్పడానికి నిమిషమో రెండో పడతాది, సన్నగా చిన్న చిన్న మెట్లలో మార్చుకునేది చూడండి. గ్రైండర్ వద్దు, రెడీ పొడే అంటారా, అప్పుడు రెండు పొరల బాస్కెట్ ఉన్న మెషిన్ తీసుకోండి, దాంట్లో పొడి సైజు అటూ ఇటూ అయినా సర్దుకుపోతాది. గ్రైండర్ ఉంటే ఒక పొరది. లెక్క ఇది, 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకండ్లలో రావాల, తొందరగా వస్తే పొడి ఇంకా సన్నగా, చుక్కచుక్కగా వస్తే ఇంకా బరకగా. మొదటి రోజు ఆ 36 గ్రాములు చూసి మాయమ్మ అన్న మాట, ఇంత మిషిన్ పెట్టి తీర్థం ఇస్తా ఉండావా నాయనా అని.

నీళ్ళు. బోరు నీళ్ళు పొయ్యద్దు, మా బకెట్ల అంచున తెల్లగా కడతాదే అదే సున్నం మెషిన్ లోపల కూడా కడతాది. పూర్తిగా ఆర్వో నీళ్ళు పోస్తే కాఫీ చప్పగా ఉంటాది, కొన్ని మెషిన్ల సెన్సారుకైతే ట్యాంకులో నీళ్ళున్నట్టే తెలీదు. నేను టీడీఎస్ పెన్ను, అదే నీళ్ళల్లో కరిగిన లవణాలు ఎన్నో చూపించేది, పెట్టుకొని ఆర్వోలో కొంచెం కుళాయి నీళ్ళు కలిపి రీడింగు 100 దగ్గర ఉంచుతా. రెండు నెలలకోసారి లీటరు నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి తోలిస్తే సున్నం దిగిపోతాది, తర్వాత మంచినీళ్ళు రెండు ట్యాంకులు తోలండి. వెనిగర్ వద్దు, రబ్బర్లు పాడవుతాయి, వాసన కూడా పోదు.

కొనే ముందు సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ఫోన్ చేసి కనుక్కోండి, మనకి ఎక్కువగా చెన్నయ్యో బెంగళూరో అంటారు. కొరియర్లో పంపాలంటే అసలు అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ ఉండాల్సిందే, పారేయద్దు. అది మెషిన్‌కి రెండింతలు ఉంటాది, టేపు చేతిలో ఉన్నప్పుడే అటక కూడా కొలిచేయండి.