వైజాగ్‌లో కొత్త రామెన్ హోటల్‌కి నలుగురు కలిసి వెళ్తే ఎలా తినాలి?

రామెన్ అంటే వేడి సూప్‌లో వేసి ఇచ్చే జపాన్ నూడుల్స్. అది మన కోసం ఆగదు. గిన్నె బల్ల మీదకి వచ్చిన కాసేపటికే నూడుల్స్ సూప్‌ని పీల్చుకుని ఉబ్బిపోతాయి, ఆ సాగుడు పోతుంది. అందుకే స్నేహితులతో వెళ్లినప్పుడు కబుర్లు గిన్నె రాకముందే చెప్పుకోవాలి, లేదా తిన్నాక మొదలుపెట్టాలి. మధ్యలో ఆ పది నిమిషాలు తిండికే వదిలేయండి. కింద చెప్పేవన్నీ ఆ పది నిమిషాల కోసమే.

1. రోజు చూసుకోండి

నలుగురైతే బాగుంటుంది. ఎనిమిది మంది వెళ్తే కొత్త వంటగదిలో గిన్నెలన్నీ ఒకేసారి దించలేరు. హోటల్ తెరిచిన మొదటి వారం రద్దీ తగ్గనివ్వండి. శనివారమో సోమవారమో నీసు ముట్టనివాళ్లు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, కార్తీకమాసమైతే ఇక అడగక్కర్లేదు. కాబట్టి మంగళవారమో బుధవారమో రాత్రి ఏడింటికి టేబుల్ చెప్పి పెట్టుకోండి. మన ఊరి ఉక్కపోతలో మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు. డిసెంబర్, జనవరి సాయంత్రాలు ఈ వేడి సూప్‌కి సరిగ్గా సరిపోతాయి.

2. ముందే ఫోన్ చేసి సూప్ గురించి అడగండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఒకసారి మా గుంపులో శాకాహారి అయిన స్నేహితురాలు వెజ్ రామెన్ తెప్పించుకుంది. రెండు చెంచాలు తాగాక అనుమానమొచ్చి అడిగితే, సూప్‌లో చేప ఉందన్నారు. పాపం, చెంచా కింద పెట్టేసి ఇంకేమీ తినలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పైన పుట్టగొడుగులు, టోఫు (సోయా పనీర్) వేసినంత మాత్రాన అది శాకాహారమైపోదు. జపాన్ వంటలో సూప్‌లకి వాడే దాషి అనే పలుచటి రసం ఉంటుంది. దాన్ని ఎక్కువగా కొంబు అనే సముద్రపు నాచుతోనూ, కత్సువోబుషితోనూ తీస్తారు. కత్సువోబుషి అంటే ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టిన చేప నుంచి తీసిన తురుము. వంకాయ కూరలో గుప్పెడు ఎండురొయ్యలు వేస్తే వచ్చే ఆ లోతైన రుచి మనకి కొత్తేం కాదు కదా, ఇదీ ఆ కోవలోదే. 1908లో కికునాయె ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త కొంబు నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు.

కాబట్టి ‘వెజ్ ఉందా’ అని అడిగి ఊరుకోకండి. ‘సూప్ దేనితో కాస్తారు? చేప, పోర్క్ ఏమైనా పడతాయా? నూడుల్స్‌లో గుడ్డు ఉందా?’ అని విడివిడిగా అడగండి.

3. నలుగురూ నాలుగు రకాలు చెప్పండి

గిన్నె అడుగున ముందు టారే అనే చిక్కటి రుచిసారం వేసి, దాని మీద వేడి సూప్ పోస్తారు. సోయా సాస్‌తో చేస్తే షోయు, ఉప్పుతో చేస్తే షియో, పులియబెట్టిన సోయా ముద్దతో చేస్తే మిసో. టొంకొత్సు అనే పేరు మాత్రం సూప్‌ని బట్టి వచ్చింది. పంది ఎముకల్ని గంటల తరబడి తెర్లించి కాస్తే అది పాలలా తెల్లబడుతుంది. పాయ తాగాక పెదవులు అతుక్కుంటాయే, అదే జిగురు ఇందులోనూ ఉంటుంది. మొదటిసారి తినేవాళ్లకి నేనైతే మిసో చెబుతాను, మన నాలుకకి త్వరగా నచ్చుతుంది. వంటవాడి చెయ్యి తెలియాలంటే మాత్రం షియో తినాలి, అందులో దాచడానికి ఏమీ ఉండదు.

ఆర్డర్ చెప్పేటప్పుడే, పంచుకోవడానికి నాలుగు చిన్న గిన్నెలు అడిగి పెట్టుకోండి.

4. ఎవరి గిన్నె వస్తే వాళ్లు మొదలుపెట్టండి

అందరికీ వడ్డించేదాకా ఆగడం మన మర్యాద. ఇక్కడ ఆగితే నూడుల్స్ పాడవుతాయి. పక్కవాళ్లే ‘నువ్వు కానీయ్’ అనాలి.

ముందు రెండు చెంచాల సూప్ తాగండి. కారం నూనె అప్పుడే వేసుకోవద్దు. తర్వాత నూడుల్స్ కాసిని పైకెత్తి గట్టిగా జుర్రండి. చిన్నప్పుడు చారు జుర్రుతుంటే ఇంట్లో కోప్పడేవాళ్లు. జపాన్ రామెన్ కొట్లలో మాత్రం అందరూ అలాగే తింటారు. గాలి కలిసి వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకి అందుతుంది. గుడ్డు సొన జెల్లీలా కదులుతుంటే ఉడకలేదని వెనక్కి పంపకండి, దాన్ని కావాలనే అలా ఉంచుతారు. గర్భిణులుంటే మాత్రం పూర్తిగా ఉడికించమని చెప్పండి.

పంచుకునేది మొదటి రెండు నిమిషాల్లోనే పంచేయండి, చిన్న గిన్నెల్లోకి తీసి ఇవ్వండి. ఒకరి పుల్లల (చాప్‌స్టిక్స్) నుంచి ఇంకొకరి పుల్లలకి అందించకండి. జపాన్‌లో దహనం తర్వాత అస్థికల్ని అలా అందించుకుంటారు. పుల్లలు పట్టుకోవడం రాకపోతే ఫోర్క్ అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు.

5. సూప్ మిగిలినా ఫర్వాలేదు

రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సూప్ మొత్తం తాగితే ఒక్క గిన్నెతోనే ఆ లెక్క దాటిపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లు నూడుల్స్ తినేసి సూప్ వదిలేయండి. జపాన్‌లోనూ చాలామంది వదిలేస్తారు.

లేచేముందు సూప్ చల్లగా వచ్చినా, నూడుల్స్ బాగా కుదిరినా వంటవాళ్లకి చెప్పి రండి. కొత్త హోటల్‌కి ఆ మాట చాలా అవసరం. తర్వాత ఆర్కే బీచ్ వైపు నడవండి, మిగిలిన కబుర్లకి చోటు అదే. మంచినీళ్ల సీసా మాత్రం మరిచిపోకండి, ఆ ఉప్పుకి దాహం పడుకునేదాకా వదలదు.