ఆగస్టు బ్యాంక్ హాలిడేకి కారవాన్ లాగే ముందు

యూకేలో ఉన్న మనవాళ్లలో కారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇంటి బండి) అద్దెకు తీసుకునేవాళ్ల కోసం ఇది.

• లైసెన్సులో ఉన్నంత బరువు మీ కారు లాగలేకపోవచ్చు. 2021 డిసెంబరు 16 నుంచి ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లో మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల ట్రైలర్ దాకా లాగొచ్చు. కానీ కారు పరిమితి వేరు. బానెట్ కిందో డోర్ దగ్గరో ఉండే విన్ ప్లేట్ (వాహన గుర్తింపు నంబరున్న రేకు) చూడండి. వరసగా నాలుగు బరువులుంటాయి: రెండోదాంట్లోంచి (కారు, ట్రైలర్ కలిపి గరిష్ఠ బరువు) మొదటిది (కారు ఒక్కదాని గరిష్ఠ బరువు) తీసేయండి. రెండోది 3,500, మొదటిది 2,000 ఉంటే లాగగలిగేది 1,500 కిలోలే. ఇది దాటితే నేరం, ఇన్సూరెన్స్ కూడా చిక్కుల్లో పడుతుంది.

• లెక్కకు ఖాళీ కారవాన్ బరువు తీసుకోకండి. సామానుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు దాని ప్లేటు మీదే ఉంటుంది. 40 లీటర్ల నీళ్లంటేనే 40 కిలోలు. బియ్యం మూట, గ్యాస్ సిలిండర్ అదనం. అనుమానముంటే వేబ్రిడ్జి మీద తూయించండి, ఆ చిన్న ఖర్చుకు వెనకాడొద్దు.

• బరువైనవి కారవాన్ లోపల ఇరుసుకు నేరుగా పైన, నేలకు దగ్గరగా సర్దండి. వెనక బరువెక్కితే కారవాన్ ఊగి కారునే తిప్పేస్తుంది.

• ఫ్రాన్స్ వైపు వెళ్తుంటే లైసెన్సు నిబంధన మళ్లీ చూసుకోండి, 2021 నాటి ఆ 3,500 కిలోల సడలింపు అక్కడ వర్తించకపోవచ్చు.

• కారవాన్ లాగుతుంటే మోటార్‌వేపై గంటకు 60 మైళ్లే. మూడు లేన్లుంటే కుడి చివరి లేన్‌లోకి వెళ్లకూడదు.

• పిల్లల్ని కారవాన్‌లో కూర్చోబెట్టొద్దు.