ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం ఎలా?

కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టెనే ఎస్‌ఎంపీఎస్ అంటారు. దాని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 500 వాట్లని ఉంటుంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, ఎస్‌ఎంపీఎస్‌కి అతికించిన లేబుల్ చూడండి. 3.3, 5, 12 వోల్టులకు వేర్వేరు గడులుంటాయి. ఒక్కో లైను ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో అందులోనే రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కరెంటు లాగేది ప్రధానంగా 12 వోల్టుల లైను నుంచే కాబట్టి, ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణించండి. 37 ఆంపియర్లుంటే 444 వాట్లు, అంటే 450 వాట్ల సరుకే. అదే "500 వాట్ల" లోకల్ ఎస్‌ఎంపీఎస్ మీద 18 ఆంపియర్లే ఉంటే మీ చేతికొచ్చేది 216 వాట్లు! మిగతాదంతా చిన్న వోల్టేజీలు కలిపి పెంచిన అంకె. 12 వోల్టులకు రెండు గడులుంటే వాటిని కూడకండి. కింద రాసిన ఉమ్మడి వాట్లనే లెక్కలోకి తీసుకోండి.

ఇక మీకెంత కావాలి? ఉదాహరణకు ఇంటెల్ ఐ5-12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 170 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 60 వేసుకుంటే దాదాపు 350. అయినా 550 వాట్లదే తీసుకోండి. గ్రాఫిక్స్ కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు తన పరిమితిని దాటి లాగుతుంది. ఆ కుదుపుకి ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేకపోతే ఆట మధ్యలో సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. బ్రౌజర్, వర్డ్ మాత్రం హాయిగా నడుస్తాయి. అందుకే చాలామంది ముందు ర్యామ్‌నో విండోస్‌నో అనుమానిస్తారు.

ఎస్‌ఎంపీఎస్ కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్ర విషయంలో ఒక అపోహ ఉంది: 500 వాట్లది 80 శాతం సామర్థ్యంతో 400 వాట్లే ఇస్తుందని. అది తప్పు. రేటింగు లోపలి భాగాలకు అందే కరెంటుది, నష్టం గోడ ప్లగ్గు వైపు పడుతుంది. లోపల 300 వాట్లు కావాలంటే 85 శాతం దగ్గర గోడ నుంచి 353 లాగుతుంది, తేడా 53 వాట్లు వేడిగా పోతుంది.

ఈ ముద్రలో బ్రాంజ్, గోల్డ్ లాంటి స్థాయిలుంటాయి. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్‌కి 85 శాతం, గోల్డ్‌కి 90 శాతం ఉండాలి. మన 230 వోల్టుల మీద ఇంకాస్త మెరుగే. 250 వాట్ల లోడుతో రోజుకు 6 గంటలు వాడితే గోల్డ్ వల్ల ఏడాదికి మిగిలేది సుమారు 35 యూనిట్లు. కేవలం కరెంటు బిల్లు కోసమైతే గోల్డ్‌కి ఎక్కువ పెట్టనక్కర్లేదు. పైగా ఆ ముద్ర సామర్థ్యానికే తప్ప నాణ్యతకు హామీ కాదు.

యూపీఎస్ కొనేటప్పుడు మాత్రం గోడ వైపు లెక్కే వేయాలి. లోపల 350 వాట్లంటే 85 శాతం దగ్గర బయట 412, పైన మానిటర్‌కి ఓ 30. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) యూపీఎస్‌లు సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. కరెంటు పోయిన క్షణాన ఆట నడుస్తుంటే ఓవర్‌లోడ్ అయి అది కూడా ఆగిపోతుంది. వీఏ కాకుండా, వాట్లలో 600 ఉన్నది చూసుకోండి.