ఎండు బీళ్లలో మంద మేపు – 4వ పాఠం: మేత లెక్క

పోయిన పాఠంలో పళ్లు చూసి ఏ గొర్రెను ఉంచాలో, దేన్ని అమ్మాలో తేల్చుకున్నాం. ఈసారి బీడు సంగతి.

కనిగిరి, పామూరు, ఉదయగిరి మెట్టల్లో కార్తెలు చూసి మందను కదిలించే అలవాటు పాతది. కానీ 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద వాన బాగా తక్కువ పడింది. డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇలాంటి ఏళ్లలో కార్తెను కాదు, గడ్డిని నమ్మాలి.

నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే చట్రం కట్టండి. బీడులో నడుస్తూ పదిచోట్ల వేయండి. చెయ్యి పచ్చగా ఉన్న వైపే పోతుంది, పోనివ్వకండి. చట్రంలో పడిన గడ్డిని మొదలు దాకా కోయండి. తంగేడు, వయ్యారిభామ లెక్కలోకి రావు. కోసిన గడ్డిని మెలిపెడితే పెళపెళమనేదాకా నీడలో ఆరబెట్టి తూయండి.

పదిచోట్లదీ కలిపి 600 గ్రాములు తూగిందనుకుందాం. చదరపు మీటరుకు 60 గ్రాములు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కనుక ఎకరాకు దాదాపు 240 కిలోలు. ఇందులో గొర్రెలకు లెక్కించవలసింది మూడో వంతే, అంటే 80 కిలోలు. మిగతాది గిట్టల కింద నలిగేది, చెదలు తినేది, దుబ్బు బతకడానికి వదలవలసింది. నెల్లూరు జాతి పెద్ద గొర్రెకు రోజుకు సుమారు కిలో ఎండుమేత కావాలి. ఇరవై ఎకరాల్లో 1,600 కిలోలు. యాభై గొర్రెలకు 32 రోజులు. ఈ అంకె చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే కంటికి బీడు ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. మేకలు కంపల మీద, ఆకు మీద సగం కడుపు నింపుకుంటాయి కాబట్టి వాటికి ఈ లెక్క అంత బిగువుగా వర్తించదు.

లెక్క కట్టాక కూడా వారానికోసారి దుబ్బు దగ్గర కూర్చోండి. వేళ్లతో గడ్డిని విడదీస్తే మట్టికి కాస్త పైన కాడ తెల్లగా, లావుగా ఉంటుంది. మళ్లీ చిగురు వచ్చేది అక్కడినుంచే. గొర్రె మేకలా పైపైన తినదు, నేలకు ఆనించి కొరుకుతుంది. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు దిగగానే మందను మరో చోటికి మళ్లించాలి. ఆ తెల్ల భాగం దాకా కొరికేశాయంటే ఆలస్యమైనట్టే.

తొలకరి అయ్యాక రెండు మూడు వారాలైనా కొత్త చిగురును వదిలేయాలి. చెప్పడం తేలికే, అప్పటికి వామిలో గడ్డి అడుగంటి ఉంటుంది. పైగా పోరంబోకు అందరిదీ. ఒకరు ఆగితే పక్క మంద వచ్చి మేసిపోతుంది. అందుకే బీడు మొత్తం కాకపోయినా ఒక మూలను మూయడానికి ఊళ్లోని మందల వాళ్లంతా ముందే మాట అనుకోవాలి. ఆ మాట లేని ఊళ్లో చట్రం, త్రాసు పెద్దగా ఉపయోగపడవు. ఇంకొకటి: ఎండుమేత మీద ఉన్న మంద ఒక్కసారిగా లేతగడ్డి మీద పడితే చిటుకు రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోయే పేగుల జబ్బు) వస్తుంది. దాని టీకా తొలకరికి ముందే వేయించాలి.

ఈ వారం మీ బీడులో పదిచోట్ల కోసి, తూకం రాసిపెట్టుకోండి. వాడిన జొన్న పిలకల్లో ఉండే నాము (విషం) సంగతి, సుబాబుల్ ఆకు ఎంతవరకు పెట్టాలన్నది వచ్చే పాఠంలో చూద్దాం.