బిళ్ళ తీసిన రోజే జాగ్రత్త: లింఫోమా జన్యు పరీక్షకు ముక్కను కాపాడుకోవడం

బరంపురంలో ఒక ల్యాబులో ఇరవై రెండేళ్లుగా మైక్రోటోమ్ (ముక్కలను పల్చని పొరలుగా కోసే యంత్రం) తిప్పుతున్నాను. గుణుపురం, పర్లాకిమిడి, చికిటి వైపు నుంచి మెడలోనో గజ్జల్లోనో బిళ్ళ కట్టిందని తీయించుకుని వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఫారం ఇంగ్లీషులో, కౌంటరు దగ్గర మాటలు ఒడియాలో. నా బల్ల దగ్గరికి వచ్చాకే తెలుగులో అడుగుతారు: "అమ్మా, ఇంకా ఏ పరీక్ష ఉంది?"

రిపోర్టులో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా (ఒక రకం లింఫు గ్రంథుల క్యాన్సర్) అని ఉంటే సాధారణంగా ఇంకొక పరీక్ష ఉంటుంది. ఆ పేరు కింద రెండు రకాలున్నాయని 2000లో అమెరికా శాస్త్రవేత్తలు జన్యువుల పనితీరును కొలిచి చూపించారు. ఒకటి జీసీబీ, రెండోది ఏబీసీ. ఈ జబ్బుకు సాధారణంగా ఇచ్చే ఆర్-చాప్ అనే మందుల కలయికకు ఏబీసీ రకం అంత బాగా లొంగదు. వీధిలో అన్ని ఇళ్లలోనూ గిన్నెలు అవే. ఈ పూట పొయ్యి మీద ఏది ఉందో చూస్తేనే ఎవరింట్లో ఏం వండుతున్నారో తెలుస్తుంది. జన్యువులు గిన్నెలు, ఆర్‌ఎన్‌ఏ పొయ్యి మీది వంట. ఈ పరీక్ష కొలిచేది ఆ వంటనే.

చిక్కేమిటంటే ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది. అందుకే పరీక్ష తలరాత ఆపరేషన్ బల్ల దగ్గరే తేలిపోతుంది.

రెండేళ్ల కిందట గుణుపురం వైపు నుంచి ఒకాయన మందుల సీసాలో తమ్ముడి బిళ్ళను తెచ్చాడు. మెత్తగా ఉన్నప్పుడు ఇరుకు మూతిలోంచి లోపలికి జారింది. ముక్క పాడవకుండా ఉంచే మందు నీళ్లు, ఫార్మలిన్‌లో గట్టిపడ్డాక బయటకు రానంది. సీసా పగలగొట్టాను. కోసి చూస్తే పైన బూడిద రంగు, నడుమ పచ్చిగా గులాబీ రంగు: ఫార్మలిన్ లోపలికి చేరనే లేదు. ఆ నడుమ భాగం దేనికీ పనికిరాలేదు.

కాబట్టి ముందే అడగండి. సీసా మూతి ఆవకాయ జాడీలా వెడల్పుగా ఉండాలి. పది శాతం బఫర్డ్ ఫార్మలిన్ ముక్కకు పదింతలు పోయాలి. బిళ్ళ పెద్దదైతే ఆలస్యం చేయకుండా కోసి వేయాలి. ముక్క ఫార్మలిన్‌లో ఆరు గంటలకు తక్కువ ఉండవద్దు, 72 గంటలు దాటవద్దు. సెలైన్‌లో వేసి మర్నాటి బస్సుకు పంపడం మాత్రం వద్దే వద్దు. వీలైతే బిళ్ళ మొత్తం తీయించండి. సూదితో లాగిన చుక్క ఈ పరీక్షకు చాలదు.

తర్వాత పని మాది. ముక్కను లోపల పెట్టి మైనం పోసిన దిమ్మను మేము బ్లాకు అంటాం. పాథాలజిస్టు స్లైడు మీద కణితి ఉన్న చోటు గుర్తుపెడతారు. నేను చేతి తొడుగులు వేసుకుని, కొత్త బ్లేడు బిగించి, గాలి తగిలిన పై పొరలను పారేసి, ఆ చోటు నుంచి పది మైక్రాన్ల చుట్టలు తీసి నేరుగా గొట్టంలో వేస్తాను. వేళ్ల చెమటలోనే ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములుంటాయి. పెద్ద ల్యాబుకు బ్లాకును తీసుకెళ్లేవాళ్లు ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.

రిపోర్టు వచ్చాక ఒక ప్రశ్న అడగండి: ఇది జన్యు పరీక్షా, రంగుల పరీక్షా? చాలా రిపోర్టుల్లో జీసీబీ అన్న మాట సీడీ10, బీసీఎల్6, ఎంయూఎం1 అనే ప్రోటీన్లకు పట్టిన రంగులు చూసి రాసిందే. 2004 నాటి హాన్స్ పద్ధతి అది. చవక, త్వరగా అవుతుంది, కానీ కొన్నిసార్లు జన్యు పరీక్షతో పొసగదు. నాకైతే దాని మీద చిన్నచూపు లేదు. మా ల్యాబులో రోజూ చేసేది అదే. 20 జన్యువులను కొలిచే లింఫ్2సీఎక్స్ వంటి జన్యు పరీక్షలు పాత బ్లాకు మీద కూడా పనిచేస్తాయి. అందులో జీసీబీ, ఏబీసీ కాక "వర్గీకరించలేనిది" అని మూడో జవాబు కూడా రావచ్చు. అది ల్యాబు తప్పు కాదు, డబ్బు తిరిగి అడగకండి.

ఎంవైసీ, బీసీఎల్2 జన్యువులు చోటు మారాయా అన్నది వేరే పరీక్ష. దాన్ని ఫిష్ అంటారు. ఒకటి చేస్తే రెండోది అయినట్టు కాదు, డాక్టరును విడిగా అడగాలి.

బ్లాకును ఇచ్చేటప్పుడు దాని మీది నంబరు రాయించి రసీదు తీసుకోండి. పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకును తిరిగి తెచ్చుకోండి. జబ్బు మళ్లీ వస్తే పోల్చి చూడటానికి మేము మొదట అడిగేది దాన్నే.