బడి మూయకముందే ఆ ఇండ్లకు పోయి రండి: ఎండాకాలం సెలవులకు ముందు జాగ్రత్తలు

ఏప్రిల్ నాలుగో వారంలో మూతపడ్డ బడి మళ్లీ తెరుచుకునేది జూన్ 12న. పిల్లల సంక్షేమం చూసేవాళ్లకు ఏడాది మొత్తంలో గడ్డుకాలం ఈ ఏడు వారాలే. బడి నడిచినన్ని రోజులు పిల్లవాడు కనిపించకపోతే టీచరు అడుగుతుంది. మధ్యాహ్నం ఒక పూట కడుపు నిండుతుంది. గురుకులంలో ఉన్న ఆడపిల్లను వార్డెన్ కనిపెట్టుకొని ఉంటుంది. సెలవులిచ్చిన రోజుతో ఇవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. జూన్‌లో హాజరు పిలిస్తే పలకని పిల్లల్లో చాలామంది ఎవరో మనకు ఏప్రిల్‌లోనే తెలుసు. అందుకే వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ ఊళ్లలో పనిచేసే అంగన్‌వాడీ టీచర్లకు, ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల వాళ్లకు, పంచాయతీ కార్యదర్శులకు ఒకటే మనవి: ఏదన్నా జరిగినంక ఉరకడం కాదు, బడి మూయకముందే ఆ ఇండ్లకు పోయి కూర్చోండి.

ఏ ఇండ్లో నేను చెప్పనక్కర్లేదు. తండ్రి చనిపోయి తల్లి ఒక్కతే కూలికి పోయే ఇల్లు. అమ్మానాన్నలు భివండికో సూరత్‌కో మగ్గాల పనికి పోతే నాయనమ్మ దగ్గర మిగిలిన పిల్లలు. తండ్రికి తాగుడు ముదిరిన ఇల్లు. పదో తరగతి పరీక్షలు రాసినా ఇంటర్ మాట ఎవరూ ఎత్తని ఆడపిల్ల. నడవలేని బిడ్డను ఇంట్లో పెట్టి తాళమేసి పనికి పోక తప్పని తల్లి. పేదరికం ఉందని ఏ ఇంటినీ అనుమానంగా చూడొద్దు, కష్టం మీద కష్టం పడ్డ ఇంటికి ముందు పోవాలి. ఆ పేర్లు మీ డైరీలోనే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు.

పోయేటప్పుడు ఒక్కరే పోండి, మహా అయితే ఇద్దరు. మిర్చి ఏరబోయిన తల్లి పొద్దుగూకినంక గానీ ఇల్లు చేరదు. మండుతున్న చేతులకు నూనె రాసుకుంటూనే పొయ్యి మీద ఎసరు పెడుతుంది. ఆ వేళ గడపలో నిలబడి రిజిస్టరు తెరిస్తే వచ్చే జవాబు ఒక్కటే: "అంతా మంచిగనే ఉన్నం మేడం." కాసేపు కూర్చొని, "రేపట్నుంచి బడి లేదు కదక్కా, పగటిపూట పిల్లలకు బువ్వ ఎట్ల?" అని అడిగి చూడండి. ఆ ఇంటి అసలు లెక్క అదే. ఆ మాట మీదనే అప్పు సంగతి, మేనబావ సంబంధం సంగతి, పెద్దోణ్ని హైదరాబాద్‌లో హోటల్ పనికి పెడతానన్న మనిషి సంగతి ఒక్కొక్కటే బయటికొస్తాయి.

తండ్రి లేని పిల్లలకు, ఒంటరి తల్లి పెంచుతున్న పిల్లలకు, అమ్మానాన్న ఇద్దరూ పోయి బంధువుల దగ్గర ఉంటున్న పిల్లలకు, తల్లిదండ్రులు పెద్ద జబ్బుతో మంచం పట్టిన పిల్లలకు కేంద్రం పిల్లల సంక్షేమ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. నెలకు 4,000 రూపాయలు. ఊళ్లలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు, పట్టణాల్లో 96,000. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి. ఆలస్యమంతా కాగితాల దగ్గరే: మరణ ధ్రువపత్రం తీసుకోని ఇండ్లు ఎన్నో, ఆదాయ ధ్రువపత్రానికి మీసేవకు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. బడి బోనఫైడ్ మాత్రం సెలవుల ముందే తీసి పెట్టండి, తర్వాత సంతకం పెట్టే హెడ్మాస్టరు దొరకరు. ఒక్క మాట గుర్తుంచుకోండి, తప్పకుండా వస్తుందని మాటియ్యొద్దు. మంజూరు చేసేది కమిటీ, నిధులను బట్టి ఇస్తారు. ఆశపెట్టి వదిలేస్తే ఆ తల్లి మళ్లీ మనల్ని గడప తొక్కనియ్యదు.

లగ్గాల కాలం

సెలవుల్లో అన్నింటికంటే ఎక్కువ భయపడాల్సింది బాల్య వివాహాలకే. పదో తరగతి అయిపోయింది, గురుకులం నుంచి పిల్ల ఇంటికొచ్చింది, ముహూర్తాలున్నాయి, చుట్టాలందరికీ తీరిక ఉంది. లగ్గం కోటు (ముహూర్తం ఖాయం చేసి రాసుకోవడం) అయినంక ఆపడం వేరు, చూపుల దశలో ఆపడం వేరు. కోటు అయిందంటే పది మందిలో మాటిచ్చినట్టే, కట్నం కింద కొంత డబ్బు చేతులు మారి ఉంటుంది. అప్పుడు ఆగితే ఆ పరువు భారమంతా పిల్ల నెత్తిన పడుతుంది. కాబట్టి చూపులని చెవిన పడ్డ రోజే పోవాలి.

పోయి చట్టంతో మొదలుపెట్టొద్దు. "వదినా, పెండ్లే వద్దంటలేను, రెండేండ్లు ఆగుమంటున్న" అనండి. తల్లి చెప్పేది దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే: "ఈడొచ్చిన పిల్లను ఇంట్ల ఇడిసిపెట్టి నేను పనికి పోతే ఎవలు చూస్తరు?" ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయొద్దు. ఆమెకు కావాల్సింది ఉపన్యాసం కాదు, పిల్ల క్షేమంగా ఉండే చోటు. ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయమో, గురుకుల కాలేజీయో దగ్గరలో ఏది ఉందో, దరఖాస్తు ఎప్పుడో తెలుసుకొని పోయి చెప్పండి. కాలేజీ తెరిచేదాకా పగటిపూట పిల్ల ఏ చిన్నమ్మ ఇంట్లో ఉంటుందో తల్లితోనే మాట్లాడి ఖాయం చేయండి. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు పెండ్లినాటికి పిల్లకు పద్దెనిమిది నిండితేనే వస్తాయన్న సంగతి తండ్రికి చెప్పండి. చాలా ఇండ్లలో ఆలోచన అక్కడే మారుతుంది.

అయినా వినకపోతే చట్టం ఉండనే ఉంది. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలి. పెండ్లి చేసినవాళ్లకు, చేయించినవాళ్లకు, తెలిసీ ఊరుకున్న పెద్దలకు రెండేండ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు. (తెలిసీ ఊరుకున్న పెద్దల్లో ఆడవాళ్లకు జైలు శిక్ష లేదు.) పెండ్లికి ముందే మేజిస్ట్రేటు నిలుపుదల ఉత్తర్వు ఇవ్వొచ్చు, దాన్ని కాదని చేసిన పెండ్లి చెల్లదు. పంతులుగారికి, ఫంక్షన్ హాల్ వాళ్లకు, కార్డులు అచ్చేసే ప్రెస్సుకు, ఫొటోగ్రాఫరుకు సీజన్ మొదలు కాకముందే ఈ సంగతి చెప్పి, వయసు కాగితం చూడనిదే ఒప్పుకోవద్దని అడగండి. వయసుకు ఆధార్ చూపిస్తే నమ్మి వెనక్కి రావొద్దు. బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ ముందుగా చూడమన్నది బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రాన్ని, పదో తరగతి సర్టిఫికెట్‌ను. అవి లేకుంటే మున్సిపాలిటీయో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం.

తేదీ ఖాయమైందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, 112 అయినా సరే. పెండ్లినాటి పొద్దున దాకా ఆగొద్దు. ఆగిపోయిన పెండ్లిని రాత్రికి రాత్రి వేరే ఊరి గుడిలో చేసిన ఇండ్లూ ఉంటాయి. తల్లిదండ్రులతో కాగితం రాయించుకున్నాం కదా అని ఊరుకుంటే లాభం లేదు, ఆ వారం, ఆపై వారం పోయి పిల్లను కండ్లారా చూసి, విడిగా రెండు మాటలు మాట్లాడి రావాలి.

పనికి పోయే పిల్లలు

ములుగు, భూపాలపల్లి వైపు ఏప్రిల్, మే అంటే తునికాకు. ఇంటిల్లిపాదీ చీకటితో అడవికి పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. సెలవుల్లో పిల్లలు ఇంటిపనిలో చేయి కలపడాన్ని చట్టం తప్పు పట్టదు, అది ప్రమాదకరమైన పని కానంతవరకు. పద్నాలుగు నిండని పిల్లలను పరాయివాళ్లు కూలికి పెట్టుకుంటే నేరం, పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టినా నేరమే. ఈ తేడా తెలియక అమ్మ వెంట ఆకు ఏరే పిల్లను చూసి ఆ అమ్మనే బెదిరిస్తే, ఊరు మొత్తం మన మొహం చూడడం మానేస్తుంది. బెదరాల్సింది అడ్వాన్సు ఇచ్చి పిల్లవాణ్ని తీసుకుపోయే మనిషిని చూసి. "నెలకింత, తిండి పెడతరు" అని ఎవరైనా వస్తే ఆయన పేరు, ఫోన్ నంబరు, తీసుకుపోయే చోటు రాసి పెట్టుకోండి. పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాల పిల్లలు కూడా ఈ ఎండలోనే ఉంటారు. దగ్గరి అంగన్‌వాడీలో వాళ్లకూ తిండి అందేలా చూడాలి, భాష రాదని వదిలేయొద్దు.

కాజీపేట జంక్షన్‌లో ఒంటరిగా తిరిగే పిల్లవాడు కనిపిస్తే గుంపు పోగేసి ప్రశ్నలు వేయొద్దు, టికెట్ కొనిచ్చి ఇంటికి పంపొద్దు. వాడు ఎందుకు పారిపోయొచ్చాడో మనకు తెలియదు. రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వాళ్లకు అప్పగించండి, లేదా రైల్వే హెల్ప్‌లైన్ 139కో 1098కో చెప్పండి. ఇరవై నాలుగు గంటల్లో పిల్లవాణ్ని బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపాలా, బాలసదనంలో ఉంచాలా అన్నది తేల్చేది ఆ సమితే.

బావులు, కాకతీయ కాలువ, క్వారీ గుంతలు: పెద్దవాళ్లు లేనిదే ఈతకు పంపొద్దని డప్పు చాటింపు వేయించండి, గట్టు లేని బావులకు పంచాయతీతో కంప వేయించండి.

ఇంకొకటి, చాలా జాగ్రత్తగా చేయాల్సింది. సెలవుల్లో చుట్టాల ఇంట్లోనో పక్కింట్లోనో తనతో ఎవరైనా తప్పుగా ప్రవర్తించారని బిడ్డ చెబితే ఒక్కసారి వినండి, నమ్మండి, పదిమంది ముందు మళ్లీ మళ్లీ చెప్పించొద్దు. పెద్దమనుషుల పంచాయితీ పెట్టొద్దు. బట్టలు ఉతకనియ్యొద్దు. పిల్లలపై లైంగిక నేరాలను చూసే పోక్సో చట్టం కింద, ఆ సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, కేసు పని ఒకే చోట జరుగుతాయి. పిల్ల పేరు, ఫొటో, ఊరు, బడి, ఏదీ ఎక్కడా పెట్టొద్దు. పెడితే అది కూడా నేరమే.

జూన్ 12న ఆ డైరీ పట్టుకొని బడికి పోండి. మొదటి వారంలో రాని పిల్ల ఇంటికి ఆ వారమే పోవాలి. పనికి పోయినట్టు తెలిస్తే, తీసుకుపోయిన మనిషి వివరాలు వెంటనే బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వండి, తప్పిపోయిన, పనిలో చిక్కిన పిల్లల కోసం పోలీసులు జూలైలో చేసే ఆపరేషన్ ముస్కాన్ కోసం ఎదురుచూడొద్దు. పదో తరగతి దాటిన పిల్లలు ఇంకా తేలిగ్గా జారిపోతారు, ఏ బడి రిజిస్టరులోనూ వాళ్ల పేరుండదు. ఇంటర్‌లోనో ఐటీఐలోనో చేరిన రసీదు కండ్లతో చూసేదాకా ఆ పేరు కొట్టేయొద్దు.